ఊదా దీవి నుంచి మెసయీద్ వరకు: క్లోరిన్ బంధాన్ని తెంపిన ఎంజైముల చరిత్ర

ఖతార్ రాజధాని దోహాకు ఉత్తరాన దాదాపు 50 కిలోమీటర్ల దూరంలో అల్ ఖోర్ అనే తీరపట్టణం ఉంది. దాని పక్కన, మడ చెట్లకు చేరువలో, జజీరత్ బిన్ గన్నామ్ అనే చిన్న దీవి ఉంది. ఊదా దీవి అన్నది దానికి మరో పేరు. పురావస్తు శాస్త్రజ్ఞులు అక్కడ తవ్వినప్పుడు పగలగొట్టిన నత్తగుల్లల దిబ్బ ఒకటి బయటపడింది. అందులో సుమారు 29 లక్షల నత్తల అవశేషాలు ఉంటాయని అంచనా వేశారు. వాటితోబాటు దొరికిన కుండపెంకులు బాబిలోనియాను కస్సైట్ రాజులు ఏలిన నాటివి, అంటే క్రీ.పూ. రెండవ సహస్రాబ్దికి చెందినవి. ఆ నత్తల గ్రంథుల నుంచి తీసిన ద్రవంతో ప్రాచీనులు ఖరీదైన వస్త్రాలకు ఊదా రంగు అద్దేవారు.

ఆ రంగు రహస్యం 1909లో గాని తేలలేదు. పౌల్ ఫ్రీడ్‌లాండర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు మధ్యధరా సముద్ర జాతికి చెందిన 12,000 నత్తల నుంచి 1.4 గ్రాముల రంగు తీసి, దాని నిర్మాణాన్ని నిర్ణయించాడు. అది తెలుగువారికి చిరపరిచితమైన నీలిమందు అణువే. కాకపోతే దానికి రెండు బ్రోమిన్ పరమాణువులు అదనంగా తగిలి ఉన్నాయి. ఫ్లోరిన్, క్లోరిన్, బ్రోమిన్, అయోడిన్ – ఈ నాలుగూ హాలోజన్ కుటుంబానికి చెందిన మూలకాలు. కార్బన్‌కు హాలోజన్‌ను ముడివేయడం మనిషి కనిపెట్టిన విద్య కాదన్నమాట. సముద్రజీవులకు అది ఏనాటి నుంచో తెలుసు.

అదే తీరాన, దోహాకు దక్షిణంగా 40 కిలోమీటర్ల దూరంలో మెసయీద్ ఉంది. పూర్వం దాని పేరు ఉమ్ సయీద్. ఖతార్ తొలి చమురు ఎగుమతి 1949 చివర ఈ రేవు నుంచే జరిగింది. ఇప్పుడది పెద్ద పారిశ్రామిక నగరం. 1997లో ఏర్పడిన ఖతార్ వినైల్ కంపెనీ 2001లో ఇక్కడ ఉత్పత్తి ప్రారంభించింది. దాని ఉత్పత్తులు ప్రధానంగా మూడు: కాస్టిక్ సోడా, డైక్లోరోఈథేన్, వినైల్ క్లోరైడ్. డైక్లోరోఈథేన్‌ను పరిశ్రమలో ఈడీసీ అని పిలుస్తారు. ఇక్కడ కార్బన్‌కు ముడిపడేది బ్రోమిన్ కాదు, క్లోరిన్. ముడివేసేది నత్త కాదు, కర్మాగారం.

ఈ రెండు స్థలాల మధ్య ఒక ప్రశ్న ఉంది. సముద్రం కోట్ల ఏళ్ళుగా చేసిన హాలోజన్ పదార్థాలను తిరిగి విడగొట్టే సూక్ష్మజీవులు సముద్రంలోనూ నేలలోనూ ఉన్నాయి. కాని ఈడీసీ వంటి అణువు ప్రకృతిలో చెప్పుకోదగిన పరిమాణంలో ఉండేది కాదు. లేని తిండిని అరిగించే ఎంజైము ముందుగా ఎందుకు పుడుతుంది? పుట్టకపోతే, మనిషి చేసిన ఈ అణువులను తినే బాక్టీరియా నేడు ఎలా దొరుకుతున్నాయి?

డచ్చివారి నూనె

ఈడీసీ చరిత్ర మెసయీద్ కంటె రెండు శతాబ్దాలు ముందు మొదలవుతుంది. 1795లో ఆమ్‌స్టర్‌డామ్‌కు చెందిన నలుగురు మిత్రులు – డైమన్, పేట్స్ వాన్ ట్రూస్ట్‌వైక్, బోంట్, లావెరెన్‌బుర్గ్ – ఇథిలీన్ వాయువును క్లోరిన్ వాయువుతో కలిపారు. రెండు వాయువులు కలిసి నూనెలాంటి ద్రవంగా మారాయి. ఆ ద్రవానికి 'డచ్చివారి నూనె' అని పేరు వచ్చింది. ఇథిలీన్‌కు 'నూనె పుట్టించే వాయువు' అన్న పేరు వచ్చింది. నేటి పెట్రోరసాయన పరిశ్రమ ఇథిలీన్ వంటి వాయువులను ఓలెఫిన్లు అని పిలవడానికి మూలం ఆనాటి ఆ నూనే.

ఆ నలుగురు గాజుపాత్రలో చేసినదే మెసయీద్‌లో భారీ ఎత్తున జరుగుతున్నది. సహజవాయువులోని ఈథేన్ నుంచి ఇథిలీన్ వస్తుంది. ఉప్పునీటిలోకి విద్యుత్తు పంపితే ఒకవైపు క్లోరిన్, మరొకవైపు కాస్టిక్ సోడా వస్తాయి. ఇథిలీన్, క్లోరిన్ కలిస్తే ఈడీసీ. దాన్ని బాగా వేడిచేస్తే వినైల్ క్లోరైడ్. వినైల్ క్లోరైడ్ అణువులను గొలుసుగా కూరిస్తే పీవీసీ. తెలుగునాట బోరుబావిలో దిగే కేసింగ్ గొట్టం, ఇంటి గోడ వెంట దిగే డ్రైనేజీ గొట్టం, కరెంటు తీగమీది తొడుగు – అన్నీ ఈ డచ్చివారి నూనె మనుమలే. ప్రపంచంలో ఏటా తయారయ్యే ఈడీసీని కోట్ల టన్నులలో లెక్కిస్తారు.

ఈ గొలుసులో తుదిరూపమైన పీవీసీ చాలావరకు జడపదార్థం. మధ్యదశలు అలా కావు. ఈడీసీ కాలేయానికి, మూత్రపిండాలకు, నాడీమండలానికి హాని చేస్తుంది. వినైల్ క్లోరైడ్ సంగతి 1974లో బయటపడింది. అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో, లూయీవిల్ నగరపు పీవీసీ కర్మాగారం కార్మికులలో కాలేయపు యాంజియోసార్కోమా అనే అత్యంత అరుదైన కేన్సరు ఒకరి తరువాత ఒకరికి కనిపించింది. ఒక వైద్యుడు జీవితకాలంలో ఒక్కసారైనా చూడని జబ్బు ఒకే ఫ్యాక్టరీలో మూడుసార్లు కనిపించడమే ఆనవాలయింది. ఆ వెంటనే అమెరికా ప్రభుత్వం పనిచేసే చోట గాలిలో వినైల్ క్లోరైడ్ ఎనిమిది గంటల సగటున పదిలక్షలలో ఒక వంతుకు మించరాదని నిబంధన చేసింది.

ఈడీసీకి మరో దుర్గుణం ఉంది. అది నీటికంటె బరువు. నేలలోకి ఇంకితే భూగర్భజలం పైన తేలక, అడుగుకు దిగుతుంది. అక్కడ ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా కరుగుతూ ఉంటుంది. జీవుల సాయం లేకుండా, మామూలు నీటిలో, 25 డిగ్రీల వద్ద అందులో సగం విచ్ఛిన్నం కావడానికి సుమారు 72 ఏళ్ళు పడుతుందని లెక్క.

గ్రోనింగెన్‌లో దొరికిన జీవి

1983లో స్విట్జర్లండులోని జూరిక్ శాస్త్రజ్ఞులు ఈడీసీ మీద బాక్టీరియా పెరగగలవని చూపారు. 1985లో నెదర్లండ్స్‌లోని గ్రోనింగెన్ విశ్వవిద్యాలయంలో డిక్ యాన్సెన్, ఆయన సహచరులు మరొక బాక్టీరియాను వేరుచేశారు. పేరు జాంథోబాక్టర్ ఆటోట్రోఫికస్, రకం జీజే10. దానికి ఈడీసీ తప్ప వేరే కార్బన్ ఆహారం ఇవ్వకపోయినా పెరిగింది. డచ్చివారి నూనెను తినే జీవి, 190 ఏళ్ళ తరువాత, డచ్చివారి దేశంలోనే ప్రయోగశాలకు చేరింది.

జీజే10 చేసే పని నాలుగు మెట్లుగా సాగుతుంది. మొదటి మెట్టులో ఈడీసీలోని ఒక క్లోరిన్‌ను తీసి, దాని స్థానంలో నీటి నుంచి వచ్చే హైడ్రాక్సిల్‌ను పెడుతుంది. రెండవ, మూడవ మెట్లలో ఆ ఆల్కహాలును ఆల్డిహైడుగా, ఆపైన ఆమ్లంగా మారుస్తుంది. నాలుగవ మెట్టులో రెండవ క్లోరిన్‌ను తీస్తుంది. మిగిలేది గ్లైకాలిక్ ఆమ్లం, ఏ జీవకణమైనా సునాయాసంగా వాడుకోగల పదార్థం. రెండు క్లోరిన్లు వంటింటి ఉప్పులోని క్లోరైడులుగా నీటిలో కలిసిపోతాయి.

నాలుగింటిలో రెండవ, మూడవ మెట్ల ఎంజైములు ఆల్కహాలును, ఆల్డిహైడును మార్చే సామాన్య జాతివే. క్లోరిన్ ఉన్న చిన్న ఆమ్లాలు ప్రకృతిలోనూ ఉన్నాయి కాబట్టి నాలుగవదీ అంత వింత కాదు. అసలు విశేషం మొదటి మెట్టులో ఉంది. ఈడీసీని మొదటిసారి తాకే ఆ ఎంజైమును హాలోఆల్కేన్ డీహాలోజనేజ్ అంటారు. దాని జన్యువుకు డీహెచ్‌ఎల్‌ఏ అని పేరు.

పాత ఇంటికి కొత్త గుమ్మం

1991లో అదే విశ్వవిద్యాలయానికి చెందిన బావుకె డైక్‌స్ట్రా బృందం ఈ ఎంజైము స్ఫటికాన్ని ఎక్స్‌కిరణాలతో పరిశీలించి దాని ఆకారాన్ని గీసింది. 310 ఎమైనో ఆమ్లాల గొలుసు రెండు భాగాలుగా ముడుచుకొని ఉంది. కింద ఒక గట్టి పునాది, పైన మూతలాంటి భాగం, రెండింటి నడుమ చిన్న గుహ. ఈడీసీ అణువు ఆ గుహలోకి వెళుతుంది. అక్కడ రెండు ట్రిప్టోఫాన్లు క్లోరిన్‌ను పట్టుకుంటాయి. 124వ స్థానంలోని ఆస్పార్టిక్ ఆమ్లం కార్బన్ మీద దాడిచేసి క్లోరిన్‌ను ఊడగొడుతుంది. తరువాత ఒక నీటి అణువు వచ్చి మిగిలిన ముక్కను విడిపిస్తుంది. ఈ క్రమాన్ని 1993లో దశలవారీగా నిరూపించారు.

పునాది ఆకారం చూసినవారికి మాత్రం అది కొత్త ఇల్లుగా తోచలేదు. 1992లో పలు దేశాల శాస్త్రజ్ఞులు కలిసి ఐదు ఎంజైముల నిర్మాణాలను పక్కపక్కన పెట్టి పోల్చారు. ఈ డీహాలోజనేజ్, గోధుమలోని ఒక కార్బాక్సీపెప్టిడేజ్, ఒక శిలీంధ్రపు లైపేజ్, మరొక బాక్టీరియా ఎంజైము, నరాల కూడళ్ళలో పనిచేసే ఎసిటైల్‌కోలినెస్టరేజ్ – అయిదింటి పునాదీ ఒకటే. ఎసిటైల్‌కోలినెస్టరేజ్ తెలుగునాట పనిచేసిన ప్రతి వైద్యుడికీ తెలిసిన పేరు. పురుగుమందు తాగిన రోగిని అత్యవసర విభాగానికి తెచ్చినప్పుడు, ఆ విషం బంధించి ఉంచినది ఈ ఎంజైమునే. నోట నురగ, చిన్నవైన కనుపాపలు, ఆగుతున్న ఊపిరి దాని ఫలితాలే. అట్రోపిన్, ప్రాలిడాక్సిమ్ ఇచ్చి వైద్యులు చేసే పోరాటం దాని చుట్టూనే. మనిషి నరాలలో ఒక పనికి, మొక్కలో మరొక పనికి, డచ్చి బాక్టీరియాలో క్లోరిన్ తీసే పనికి ప్రకృతి ఒకే పనిముట్టును వాడింది. కొత్త తిండికి కొత్త ఎంజైము శూన్యంలోంచి రాలేదు. కోట్ల ఏళ్ళ నాటి ఒక ఇంటికి గుమ్మం మాత్రం మార్చారు.

ఆ గుమ్మం ఎలా మారిందో 1994లో యాన్సెన్ బృందం చేసిన ప్రయోగం సూచించింది. వారు డీహెచ్‌ఎల్‌ఏ జన్యువును మరొక బాక్టీరియాలో పెట్టి, 1-క్లోరోహెక్సేన్ అనే ఆరు కార్బన్ల అణువును తిండిగా ఇచ్చారు. మూల ఎంజైముకు అది సరిపడని తిండి. అయినా కొన్ని బాక్టీరియాలు బతికి పెరిగాయి. వాటిలో జన్యువు మారింది. మార్పులన్నీ మూత భాగంలో ఒకే చిన్న ప్రాంతంలో జరిగాయి. కొన్నిటిలో ఒక ఎమైనో ఆమ్లం మారింది. కొన్నిటిలో ఒక ముక్క ఎగిరిపోయింది. మరికొన్నిటిలో చిన్న ముక్క రెండుసార్లు రాయబడింది, రాయసగాడు ఒకే మాటను పొరపాటున రెండుమార్లు రాసినట్టు.

అప్పుడు వారు మూల జన్యువునే మళ్ళీ చదివారు. అదే ప్రాంతంలో చిన్న చిన్న పునరుక్తులు అప్పటికే ఉన్నాయి. అంటే ప్రయోగశాలలో జరిగినట్టివే అంతకుముందు నేలలోనూ జరిగి ఉంటాయి. పొడవైన అణువులను తినే పాత ఎంజైములో, రాత పొరపాటు వంటి ఈ పునరుక్తి వల్ల గుహ ఆకారం మారి, ఈడీసీ వంటి పొట్టి అణువుకు తగినట్టు కుదిరి ఉంటుందని వారు భావించారు. మిగతా మార్పు సమయానికి ఆ పునరుక్తి ఇంకా చెరిగిపోలేదు కాబట్టి, అది ఇటీవలి చరిత్రే.

కొత్తదనానికి మరికొన్ని గుర్తులున్నాయి. సాధారణంగా బాక్టీరియా తిండి కనిపించినప్పుడే దానికి కావలసిన ఎంజైమును తయారుచేసుకుంటుంది. జీజే10 ఈడీసీ ఉన్నా లేకున్నా ఈ ఎంజైమును తయారుచేస్తూనే ఉంటుంది. దాని ఉత్పత్తిని అదుపుచేసే ఏర్పాటు ఇంకా కుదిరినట్టు లేదు. వేగమూ తక్కువే. ఎసిటైల్‌కోలినెస్టరేజ్ ఒక సెకనులో వేల అణువులను తెంపుతుంది. డీహాలోజనేజ్ అదే సెకనులో మూడు నాలుగింటిని మాత్రమే తెంపుతుంది. ఇంకా విచిత్రం, ఈడీసీకి బంధువైన డైబ్రోమోఈథేన్‌ను కూడా ఈ ఎంజైము తెంపగలదు. కాని తరువాతి మెట్టులో పుట్టే బ్రోమో ఆల్డిహైడు విషమై ఆ బాక్టీరియాను పెరగనివ్వదు. మొదటి మెట్టు ఎక్కితే చాలదు, మెట్లన్నీ కుదరాలి.

జన్యువుల ప్రయాణం

జీజే10లో డీహెచ్‌ఎల్‌ఏ జన్యువు ప్రధాన క్రోమోజోములో లేదు. ప్లాస్మిడ్ అనే విడి డీఎన్‌ఏ వలయంలో ఉంది. ప్లాస్మిడ్లు ఒక బాక్టీరియా నుంచి మరొక దానికి చేరగలవు. పైగా ఆ పరిసరాలలో తమంతట తాము ఎగిరి మరొక చోట దూరే చిన్న డీఎన్‌ఏ ముక్కలు ఉంటాయి. 1995లో గ్రోనింగెన్‌లోనే మరో సంగతి బయటపడింది. జీజే10ను బ్రోమోఎసిటిక్ ఆమ్లం అనే విషంలో పెంచినప్పుడు, అలాంటి ఎగిరే ముక్క ఒకటి నాలుగవ మెట్టు ఎంజైము జన్యువుకు ముందు వచ్చి కూర్చుంది. దాంతో ఆ ఎంజైము ఉత్పత్తి పెరిగింది, బాక్టీరియా బతికింది.

ఈ ప్రయాణం ఖండాలను దాటింది. ఆస్ట్రేలియాలో సిడ్నీ నగరపు బోటనీ ప్రాంతంలో భూగర్భజలం ఈడీసీతో కలుషితమైంది. అక్కడి బాక్టీరియాలలోనూ ఇదే జాతి జన్యువు కనిపించింది. దాన్ని మోస్తున్న ప్లాస్మిడ్ మాత్రం వేరు. సరుకు అదే, బండి మారిందన్నమాట.

తెలుగునాట పరిశోధకులు ఇలాంటి ప్రయాణానికే మరొక సాక్ష్యం చూపారు. అది క్లోరిన్ విషయం కాదు, పారథియాన్ వంటి ఫాస్ఫేటు పురుగుమందుల విషయం. 1973లో ఎన్. సేతునాథన్, యోషిదా కలిసి ఫిలిప్పీన్స్ వరిపొలం నుంచి ఒక బాక్టీరియాను వేరుచేశారు. అది పారథియాన్‌ను ముక్కలు చేయగలదు. తరువాత అమెరికాలో దొరికిన వేరొక జాతి బాక్టీరియాలోనూ దాదాపు అదే జన్యువు, వేరే ప్లాస్మిడ్ మీద కనిపించింది. 2003లో అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయానికి చెందిన దయానంద సిద్దవట్టం, సహచరులు ఫిలిప్పీన్స్ బాక్టీరియాలో ఆ జన్యువు చుట్టూ ఉన్న డీఎన్‌ఏను చదివారు. జన్యువుకు ఇరుపక్కలా ఎగిరే ముక్కల ఆనవాళ్ళున్నాయి. పసిఫిక్ మహాసముద్రానికి ఇరువైపులా ఒకే జన్యువు ఎలా ఉందన్న ప్రశ్నకు అక్కడ ఆధారం దొరికింది.

గమాక్సిన్ పొడి

సేతునాథన్ తరువాతి పని తిరిగి క్లోరిన్ దగ్గరకే తెచ్చింది. గమాక్సిన్ అంటే ఒక తరం తెలుగు రైతుకు వివరణ అక్కరలేదు. బీహెచ్‌సీ అన్నా అదే. బెంజీన్‌ను క్లోరిన్‌తో కలిపి ఈ పదార్థాన్ని మొదట తయారుచేసినవాడు మైకేల్ ఫారడే, సంవత్సరం 1825. అది పురుగులను చంపుతుందని తెలిసింది 1940లలో. ఆరు కార్బన్లు, ఆరు క్లోరిన్లు. క్లోరిన్లు ఏ దిక్కుకు తిరిగి ఉన్నాయన్నదాన్ని బట్టి ఆల్ఫా, బీటా, గామా, డెల్టా వంటి రూపాలు. పురుగును చంపేది ప్రధానంగా గామా ఒక్కటే. మిశ్రమంలో దాని వాటా 10–12 శాతం. దాన్ని విడదీసి లిండేన్ పేరుతో అమ్మారు. ఒక టన్ను లిండేన్ కోసం 8 నుంచి 12 టన్నుల పనికిరాని రూపాలు మిగిలేవి. వాటిని చాలా దేశాలలో గుట్టలుగా పారబోశారు. భారతదేశం 1997లో బీహెచ్‌సీ పొడిని నిషేధించింది.

1990లో కటక్‌లోని కేంద్రీయ వరి పరిశోధనా సంస్థలో సేతునాథన్, సహచరులు బీహెచ్‌సీ చల్లిన చెరకు మొక్కల వేళ్ళ దగ్గరి మట్టి నుంచి ఒక బాక్టీరియాను వేరుచేశారు. అది ఆల్ఫా, బీటా, గామా రూపాలు మూడింటినీ మార్చగలిగింది. దాని సంతతికి తరువాత స్ఫింగోబియం ఇండికమ్ బీ90ఏ అని పేరు పెట్టారు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో రూప్‌లాల్ బృందం దాని జన్యువులను చదివింది. జపానులో ఏళ్ళపాటు లిండేన్ చల్లిన పొలంలో మరొక స్ఫింగోబియం దొరికింది, ఫ్రాన్సులో ఇంకొకటి. మూడు దేశాలు, మూడు రకాలు. కాని లిండేన్ తినే జన్యువులు దాదాపు ఒకటే. వాటి పక్కన ఐఎస్6100 అనే ఎగిరే ముక్క మూడింటిలోనూ ఉంది.

ఇక్కడ రెండు ఎంజైములు ముఖ్యం. లిన్‌బీ అనేది డచ్చి డీహాలోజనేజ్‌కు దాయాది; దాని పూర్వీకులు తెలుసు. లిన్‌ఏ అనేదానికి మాత్రం పోలిన దగ్గరి బంధువు కనిపించక పరిశోధకులు చాలాకాలం అయోమయంలో పడ్డారు. పైగా దానికి ఒక పరిమితి ఉంది. అది క్లోరిన్‌నూ, దానికి ఎదురు దిశలో నిలిచిన హైడ్రోజన్‌నూ జంటగా లాగుతుంది. బీటా రూపంలో క్లోరిన్లన్నీ వలయం అంచు వెంట పరుచుకొని ఉంటాయి; అలాంటి జంట దొరకదు. అందుకే బీటా రూపం నేలలో, పాలలో, మనుషుల కొవ్వులో అన్నిటికంటె ఎక్కువ కాలం నిలిచింది. లిన్‌బీ దానిని నెమ్మదిగా కొంతవరకు మారుస్తుంది. ఒకే ఫ్యాక్టరీ, ఒకే పొడి, ఒకే మూలకాలు. క్లోరిన్ నిలబడిన దిక్కు మారితే ఎంజైము చేతులెత్తేస్తుంది.

ఇంతకంటె అసంపూర్ణమైన ఉదాహరణ పెంటాక్లోరోఫినాల్. 1930లలో కలపకు చెదలు, బూజు పట్టకుండా దీన్ని వాడుకలోకి తెచ్చారు. దీన్ని తినే స్ఫింగోబియం ఒకటి అమెరికాలోని మిన్నెసోటాలో దొరికింది. కొలరాడో విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త షెల్లీ కోప్లీ దాని ఎంజైములను పరిశీలించి, వేర్వేరు పాత మార్గాల నుంచి తెచ్చిన ఎంజైములను బొంతలా కుట్టి ఈ మార్గం తయారైందని చూపారు. మొదటి ఎంజైము ఎంత మందకొడి అంటే, ఒక్క అణువును మార్చడానికి దానికి సెకన్లు పడతాయి. దాని నుంచి పుట్టే మధ్యపదార్థం మూలవిషం కంటె ప్రమాదకరం. బొంత కప్పుకోవడానికి పనికివస్తుంది. కుట్లు మాత్రం కనిపిస్తూనే ఉంటాయి.

తిరిగి ఇథిలీన్‌కు

మెసయీద్ గొలుసులోని రెండవ అణువు వినైల్ క్లోరైడ్. దీని కథ వేరు. 1997లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ఇథాకా నగరపు మురుగుశుద్ధి కేంద్రం బురద నుంచి డీహాలోకాకాయిడిస్ అనే బాక్టీరియాను వేరుచేశారు. ఇది క్లోరిన్ పదార్థాన్ని తినదు, దానితో ఊపిరి తీస్తుంది. మనిషి ఆక్సిజన్‌కు ఎలక్ట్రాన్లు ఇచ్చి శక్తి పొందినట్టు, ఇది ఆక్సిజన్ లేని చోట క్లోరిన్ అణువుకు ఎలక్ట్రాన్లు ఇచ్చి, క్లోరిన్లను ఒక్కొక్కటిగా ఊడగొడుతుంది. 2003లో మిచిగన్ భూగర్భజలం నుంచి వచ్చిన మరో రకం వినైల్ క్లోరైడ్‌తోనే బతకగలదని తేలింది. ఆ పనిచేసే ఎంజైముల జన్యువులు కూడా క్రోమోజోములోకి బయటినుంచి వచ్చి చేరిన దీవుల వంటి భాగాలలో ఉన్నాయి.

ఈ ఊపిరిలో చివర మిగిలేది ఇథిలీన్. 1795 నాటి నలుగురు మిత్రులు దేనితో మొదలుపెట్టారో, ఆ నూనె పుట్టించే వాయువే. కర్మాగారం ఇథిలీన్‌కు క్లోరిన్ తగిలిస్తుంది. నేల అడుగున ఒక జీవి ఆ క్లోరిన్‌ను ఊడదీసి ఇథిలీన్‌ను తిరిగి ఇస్తుంది.

కాని దారి మధ్యలో ఆగితే ప్రమాదం. డ్రైక్లీనింగ్‌లో వాడే నాలుగు క్లోరిన్ల ద్రావకం భూగర్భజలంలో కలిసిన చోట, వినైల్ క్లోరైడ్‌ను మార్చగల ఎంజైము లేని బాక్టీరియా మాత్రమే ఉంటే పని మూడు మెట్లు దిగి ఆగిపోతుంది. అప్పుడు పేరుకునేది లూయీవిల్ కార్మికులకు కేన్సరు తెచ్చిన పదార్థమే. అందుకే కలుషిత స్థలాలలో నేడు నీటి రసాయన పరీక్షతో ఆగరు. ఆ చివరి మెట్టు జన్యువు ప్రతులు నీటిలో ఎన్ని ఉన్నాయో కూడా లెక్కిస్తారు.

మెసయీద్ ముందున్న లెక్క

మెసయీద్ నేలలోకి ఈ పదార్థాలు చేరాయని చెప్పడం ఇక్కడి ఉద్దేశం కాదు. ఎప్పుడైనా చేరితే ఆ నేలలో వాటికోసం ఎవరు ఎదురుచూస్తున్నారన్నది ప్రశ్న. ఖతార్‌కు చమురు విషయంలో ఒక ధైర్యం ఉంది. ఖతార్ విశ్వవిద్యాలయంలో నబీల్ జువారి బృందం చమురుతో తడిసి ఎండిన ఎడారి మట్టి నుంచి హైడ్రోకార్బన్లను తినే బాక్టీరియాలను వేరుచేసింది. ఎండకు, ఉప్పుకు తట్టుకొని అవి పనిచేయగలవు. అందులో వింత లేదు. భూమిమీద చమురు ఊటలు కోట్ల ఏళ్ళుగా ఉన్నాయి. ఆ తిండికి వంటవాళ్ళు ఏనాడో తయారయ్యారు.

క్లోరిన్ పదార్థాలకు అంతటి చరిత్ర లేదు. ఊదా దీవి నత్తలు సాక్ష్యం చెబుతున్నట్టు, హాలోజన్ బంధం సముద్రానికి కొత్త కాదు. ప్రకృతిలో పుట్టే హాలోజన్ పదార్థాలు ఇప్పటికి 5,000కు పైగా గుర్తించారు. పాత పనిముట్లు నేలలోనూ నీటిలోనూ ఉండటానికి కారణం అదే. కాని పాత పనిముట్టు కొత్త అణువుకు సరిపడేలా మారడానికి మూడు కావాలి: మారదగిన ఎంజైము, దాన్ని ఒక జీవి నుంచి మరో జీవికి మోసే వాహనం, ఏళ్ళ తరబడి అదే తిండి తప్ప గత్యంతరం లేని పరిస్థితి. డచ్చి మట్టికి, కటక్ చెరకు తోటకు, జపాను పొలానికి ఆ మూడూ సమకూరాయి. సమకూరేలోపు కాలుష్యం ఉండనే ఉంది. నిజానికి అదే ఆ ఎంజైములను తయారుచేసింది. అంటే ఎంజైము దొరికిన ప్రతి చోటా అంతకుముందు ఎన్నో ఏళ్ళ విషం ఉంది.

ఖతార్ నేల ఈ పనికి సులభమైన చోటు కాదు. ఏడాదికి పడే వర్షం సుమారు 80 మిల్లీమీటర్లు. నదులు లేవు. తాగేనీరు దాదాపు అంతా సముద్రపు నీటిలో ఉప్పు తీసి తయారుచేసినదే. తీరప్రాంతపు భూగర్భజలం ఉప్పన. డీహాలోకాకాయిడిస్ మంచినీటి బురదలకు అలవాటుపడ్డ జీవి. ఉప్పు పెరిగితే, వేడి 40 డిగ్రీలు దాటితే దాని పని మందగిస్తుంది. అలాంటి చోట సూక్ష్మజీవులు వచ్చి సర్దుతాయన్న భరోసాతో ఏ కర్మాగారాన్నీ నడపడానికి వీలులేదు.

2022లో మెసయీద్‌లోనే ఏటా 3,50,000 టన్నుల సామర్థ్యంతో పీవీసీ కర్మాగారం కట్టాలని నిర్ణయించారు. తెలుగు ఇంజినీర్లు, కార్మికులు ఎందరో గల్ఫ్ దేశాల ఇలాంటి ప్లాంట్లలో బతుకుతెరువు వెతుక్కున్నారు. వారిలో ఎవరైనా ఈడీసీ ట్యాంకు పక్కన పరిశీలన బావిని చూస్తే, దానిలోకి దింపే నమూనా సీసా ఎందుకో ఇప్పుడు సులభంగానే అర్థమవుతుంది. అడుగుకు దిగే ఆ నూనెను మొదటి చుక్క దగ్గరే పట్టుకోవాలి. గ్రోనింగెన్ ఎంజైము సెకనుకు మూడు నాలుగు అణువుల చొప్పున పనిచేస్తుంది. ఒక్క చుక్క ఈడీసీలో ఉండే అణువుల సంఖ్యను రాయాలంటే ఇరవై ఒక్క అంకెలు కావాలి.